ఆఫ్రికాలో పురుగుల మాత్రల పంపిణీ: లెక్క ఎక్కడ తప్పుతుందంటే

మీరు అడిగినవి మూడు. ఆఫ్రికాలో ఏటా కోట్ల మందికి పరీక్ష కూడా చెయ్యకుండా పురుగుల మాత్రలు మింగించడం సబబేనా? ఇన్నేళ్లుగా పంచుతున్నా ఆ జబ్బులు ఎందుకు పోవడం లేదు? వచ్చే నెల మీరు ఉగాండాలో ఆల్బర్ట్ సరస్సు దగ్గర ఆరు నెలల పనికి వెళ్తున్నారు కాబట్టి మీరూ ఆ మాత్ర వేసుకోవాలా? మూడోది చివర్లో చెప్తాను, అది చిన్న విషయం.

ముందు నా సంగతి. నేను డాక్టర్ని కాదు. ఎండీఏ అని అందరూ పిలిచే ఈ సామూహిక మందుల పంపిణీలో లెక్కలు చూసే మనిషిని. ఎక్కువ కాలం ఉగాండాలో, కొంత మలావీలో, కొంత కామెరూన్‌లో పనిచేశాను. మాది శ్రీకాకుళం వైపు. మా నాయనమ్మకి కుడికాలు బోదకాలు. ఆవిడ చెప్పు ఒకటే కొనుక్కునేది, రెండోది పట్టదు. ఆ కాలికి కారణమైన పురుగు, మలావీలో నేను లెక్కలేసిన పురుగు ఒకటే జాతి. అందుకని ఈ విషయం నాకు మరీ పరాయిదిగా ఎప్పుడూ అనిపించలేదు.

పరీక్ష చెయ్యరన్నది సగమే నిజం. మనిషి మనిషికీ చెయ్యరు, ప్రాంతానికి చేస్తారు. కొన్ని బడులు ఎంచుకుని, బడికి ఓ యాభై మంది పిల్లల మలం, మూత్రం పరీక్షించి, ఎంతమందికి పురుగుందో చూసి ఆ ప్రాంతం మొత్తానికి నిర్ణయం తీసుకుంటారు. నులిపురుగులు 20 శాతం పిల్లల్లో ఉంటే ఏడాదికోసారి మాత్ర, 50 శాతం దాటితే రెండుసార్లు. బిల్హార్జియా అంటే చెరువు, సరస్సు నీళ్లలోంచి చర్మం గుండా దూరే పురుగు తెచ్చే జబ్బు, దానికి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త నియమం పెట్టింది: 10 శాతం దాటితే రెండేళ్ల వయసు నుంచి అందరికీ ఏటా ఇవ్వాలని.

మనిషి మనిషికీ ఎందుకు చెయ్యరో తెలియాలంటే కాటో-కాట్జ్ పరీక్ష ఒక్కసారి దగ్గరుండి చూడండి. మలాన్ని సన్న జాలీ గుండా నొక్కి, చిల్లున్న చిన్న ప్లాస్టిక్ అచ్చులో నింపుతారు. అందులో పట్టేది 41.7 మిల్లీగ్రాములు. దానిమీద గ్లిజరిన్‌లో నానిన ఆకుపచ్చ సెల్లోఫేన్ ముక్క వేసి, సూక్ష్మదర్శినిలో గుడ్లు లెక్కపెట్టి 24తో హెచ్చవేస్తే గ్రాముకి ఎన్ని గుడ్లో వస్తుంది. కొంకిపురుగు గుడ్లయితే గంటలోపే చూడాలి, ఆలస్యమైతే గ్లిజరిన్‌లో కరిగిపోయి కనబడవు. బిల్హార్జియా గుడ్లు మాత్రం మర్నాడు చూస్తే ఇంకా బాగా కనిపిస్తాయి. అంటే ఒకే స్లయిడ్‌ని రెండుసార్లు చూడాలి. ఓ మంచి టెక్నీషియన్ రోజంతా వంగి కూర్చుంటే కొన్ని డజన్ల మందివి చూడగలడు, అదీ కరెంటుంటే. పురుగులు తక్కువున్నవాళ్లు ఈ పరీక్షకి దొరకనే దొరకరు. మాత్రలేమో కంపెనీలు ఉచితంగా ఇస్తున్నవి. పరీక్ష ఖర్చుతో బోలెడు మందికి మాత్ర అందుతుంది. కాబట్టి లెక్క సులువే.

కానీ ఆ లెక్క నిలబడాలంటే మందు ఒంట్లో పురుగు లేనివాడికి కూడా హాని చెయ్యకూడదు. ఈ షరతు తప్పితే ఏమవుతుందో ఈజిప్టు చూసింది. అక్కడ 1950ల నుంచి 1980ల దాకా బిల్హార్జియాకి టార్టార్ ఎమెటిక్ ఇంజెక్షన్లు ఊళ్లకి ఊళ్లకే ఇచ్చారు. సూదులు సరిగా శుభ్రం చెయ్యకుండా మళ్లీ మళ్లీ వాడారు. పురుగు తగ్గింది, హెపటైటిస్ సి మాత్రం తరాల పాటు దేశాన్ని పట్టుకుంది. ప్రాజిక్వాంటెల్ అనే నోటి మాత్ర రావడం ఎంత పెద్ద మార్పో అర్థం కావాలంటే ఈ కథ తెలిసుండాలి.

ఈ రోజుకీ ఆ షరతు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కామెరూన్, గాబన్, కాంగో అడవుల్లో లోవా లోవా అని కంటి తెల్లగుడ్డు మీదుగా పాకే పురుగుంది. రక్తంలో దాని పిల్లలు విపరీతంగా ఉన్న మనిషికి ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇస్తే అవన్నీ ఒక్కసారిగా చచ్చి మెదడుకి ముప్పు తెస్తాయి, కోమా, మరణం దాకా వెళ్లొచ్చు. అక్కడే నల్ల ఈగలు మోసే పురుగు వల్ల చూపు పోయే రివర్ బ్లైండ్‌నెస్ జబ్బు కూడా ఉంది, దానికి ఊరంతటికీ ఇచ్చే మందు ఐవర్‌మెక్టినే. అందుకని కామెరూన్‌లోని ఒకోలా అనే చోట 2015లో పద్ధతి తిరగేశారు: ముందు వేలి రక్తం చుక్కని ఫోన్‌కి బిగించిన చిన్న యంత్రంలో పెట్టి చూడటం, పురుగు పిల్లలు గీత దాటి ఉంటే ఆ మనిషికి మందు ఇవ్వకపోవడం. లోవాస్కోప్ అంటారు దాన్ని. అందులో పురుగులు కదులుతుంటే చుట్టూ ఉన్న రక్తకణాలు జరుగుతాయి, ఆ కదలికని ఫోనే లెక్కపెడుతుంది. ఈ రక్తం పగటిపూటే తీయాలి, ఎందుకంటే లోవా పిల్లలు పగలు రక్తంలోకొస్తాయి. మన బోదకాలు పురుగు పిల్లలు రాత్రి వస్తాయి. మా ఊళ్లో నైట్ సర్వే అని రాత్రి పదింటికి తలుపు కొట్టి సూది గుచ్చేవాళ్లు, గుర్తుందా?

డీఈసీ అనే మాత్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు నన్ను తరచుగా అడుగుతారు: బోదకాలుకి మన దగ్గర డీఈసీ ఇస్తారు కదా, ఆఫ్రికాలో చాలాచోట్ల ఎందుకివ్వరు అని. రివర్ బ్లైండ్‌నెస్ ఉన్న మనిషికి డీఈసీ ఇస్తే ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, కంటికి శాశ్వత నష్టం రావచ్చు. అందుకే ఆ జబ్బున్న దేశాల్లో బోదకాలుకి ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ జంట వాడతారు. కెన్యా తీరంలో రివర్ బ్లైండ్‌నెస్ లేదు కాబట్టి అక్కడ డీఈసీ నడుస్తుంది. జపాన్ కంపెనీ ఐసాయ్ ప్రపంచ ఆరోగ్య సంస్థకి 2013 నుంచి ఉచితంగా ఇస్తున్న డీఈసీ తయారయ్యేది ఎక్కడో తెలుసా? మన విశాఖ ప్లాంటులో. పరవాడ నుంచి బయల్దేరిన మాత్రలు ఎక్కడెక్కడ తేలతాయో చూస్తే సరదాగా ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న. ఇన్నేళ్లైనా ఎందుకు పోవడం లేదు.

చాలాచోట్ల పోయింది, ఆ మాట ముందు చెప్పాలి. 1974లో పశ్చిమ ఆఫ్రికాలో రివర్ బ్లైండ్‌నెస్ మీద పని మొదలుపెట్టినప్పుడు నదుల పక్కన బంగారం లాంటి భూముల్ని వదిలేసి జనం నదికి దూరంగా వెళ్లిపోయిన ఊళ్లున్నాయి. చూపున్న పిల్లాడు ముందు కర్ర పట్టుకుని నడుస్తుంటే, వెనక చూపులేని పెద్దాయన ఆ కర్ర రెండో చివర పట్టుకుని నడవడం అక్కడ మామూలు దృశ్యం. హెలికాప్టర్లతో నదుల మీద మందు చల్లి నల్ల ఈగ పిల్లల్ని చంపారు. 1987లో మెర్క్ కంపెనీ ఐవర్‌మెక్టిన్‌ని కావలసినంత, కావలసినన్నాళ్లు ఉచితంగా ఇస్తానంది, ఇప్పటికీ ఇస్తోంది. 2025 జనవరిలో నైజర్ ఈ జబ్బుని పూర్తిగా వదిలించుకున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది, ఆఫ్రికాలో అదే మొదటి దేశం. బోదకాలు విషయంలో టోగో 2017లో, మలావీ 2020లో గట్టెక్కాయి.

కానీ ఎన్నేళ్లు పట్టిందో చూడండి. దానికి కారణం పురుగు ఆయుష్షు. ఐవర్‌మెక్టిన్ తల్లి పురుగుని చంపదు. దాని పిల్లల్ని చంపి, కొన్నాళ్లు మళ్లీ కనకుండా చేస్తుంది. రివర్ బ్లైండ్‌నెస్ తల్లి పురుగు మనిషి ఒంట్లో పది, పదిహేనేళ్లు బతుకుతుంది. అది ముసలిదై చచ్చేదాకా ఏటా మాత్ర ఇస్తూనే ఉండాలి. బోదకాలు పురుగుది అంతకంటే తక్కువ ఆయుష్షు, అందుకే అక్కడ మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది ఐదారేళ్లు వరసగా మింగితే చాలంటారు. ఈ కాలమంతా మందు తీసుకోని మనిషి ఒంట్లో పురుగు హాయిగా పిల్లల్ని కంటూ ఉంటుంది. అంటే ప్రతి ఏడాదీ వేరే వేరే మనుషులు తప్పిపోతే నష్టం లేదు. ప్రతి ఏడాదీ అదే మనిషి తప్పిపోతే, పురుగు ఆ మనిషిలో దాక్కుని మనకంటే ఓపిగ్గా ఎదురుచూస్తుంది. ఈ రంగంలో నేను నేర్చుకున్నది మొత్తం ఇదే. జిల్లా మొత్తం మీద ఎంత శాతం అన్న అంకె ఈ తేడాని చెప్పదు.

మా ఇంట్లోనే చూశాను కదా. ఇంటికొచ్చి మాత్రలు చేతిలో పెట్టి, రాసుకుని వెళ్లిపోయేవాళ్లు. మా అమ్మ వాటిని దేవుడి గూట్లో పెట్టేది. 'జ్వరమొస్తుందట, పరీక్షలయ్యాక వేసుకుందువు గాని' అనేది. పరీక్షలయ్యేవి, మాత్రలు పసుపెక్కేవి. పుస్తకంలో మాత్రం మేం ఐదుగురం మింగినట్టే. అందుకే మా టీమ్‌లో ఎదురుగా మింగించకుండా టిక్కు పెడితే నేను ఊరుకునేవాణ్ణి కాదు.

మీరు వెళ్లే ఆల్బర్ట్ సరస్సు ఒడ్డున ఇది ఎలా ఉంటుందంటే. పడవలు చేరే చోటుని ల్యాండింగ్ సైట్ అంటారు. రేకుల ఇళ్లు, ఎండబెట్టిన చిన్న చేపల వాసన, తెల్లారేసరికి సందడి. అలాంటి ఒక ఊళ్లో రిజిస్టర్ చూస్తే ఊరు ఊరంతా ప్రాజిక్వాంటెల్ మింగినట్టే ఉంది. రెండు వారాల తర్వాత మేం ఇంటింటికీ తిరిగి మాత్ర చూపించి 'ఇది మింగారా' అని అడిగాం. మూడో ఇంటికే నాకు అనుమానమొచ్చింది. ఆడవాళ్లు, పిల్లలు అవునంటున్నారు. మగవాళ్లని అడిగితే 'నేనప్పుడు లేను' అంటున్నారు. అందరూ అదే మాట.

వాళ్లెక్కడ ఉన్నారంటే, నిద్రలో ఉన్నారు. అక్కడ చిన్న చేపల్ని రాత్రిపూట దీపాలు పెట్టి పడతారు. చీకటి పడగానే పడవలు వెళ్తాయి, తెల్లవారుజామున వస్తాయి, చేపలు అమ్మి మధ్యాహ్నం దాకా పడుకుంటారు. మాత్రల మనిషి పదింటికి వచ్చి వెళ్లిపోతాడు. సాయంత్రం ఇద్దామంటే వాళ్లు వద్దంటారు. ప్రాజిక్వాంటెల్ వేసుకుంటే కొందరికి తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది, నడిసరస్సులో ఆ గొడవ ఎవరికి కావాలి? వాళ్ల మాట న్యాయమే. పోనీ వాళ్లు తప్పిపోతే పోయారనుకుందామా అంటే, నీళ్లలో అందరికంటే ఎక్కువసేపు నానేది వాళ్లే. ఒడ్డునే మలవిసర్జన చేసేదీ వాళ్లే. ఆ మలంలోని గుడ్లు నీళ్లలో పగిలి నత్తల్లో చేరతాయి, నత్తల నుంచి బయటికొచ్చిన పురుగు పిల్లలు నీళ్లలో ఆడుకునే చిన్నపిల్లల చర్మం గుండా దూరతాయి. బడిపిల్లలకి ఎన్నిసార్లు మాత్ర ఇచ్చినా మరుసటేడాదికి మళ్లీ గుడ్లు కనబడటంలో వింతేముంది?

దారి చూపించింది ఆ ఊరి మాత్రల వాలంటీరే, పెద్దావిడ. 'పున్నమి రోజుల్లో రండి' అంది. నిండు వెన్నెల్లో దీపానికి చేపలు రావు. అందుకని పౌర్ణమికి అటూ ఇటూ కొన్ని రోజులు దీపాల పడవలు ఒడ్డునే ఉంటాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఊళ్లోనే ఉంటారు. మధ్యాహ్నం తిండి తిన్నాక ఇస్తే మింగుతారు, పడుకుంటారు, తల తిరిగినా ఫరవాలేదు. పంపిణీ తేదీలు రాజధానిలో కూర్చుని వేస్తారు, పంచాంగం ఎవరూ చూడరు. ఆ ఊరి వరకు మేం తేదీ మార్పించగలిగాం. మీరు వెళ్లాక చెయ్యగలిగే మొదటి పని ఇదే: పంపిణీ తేదీని చంద్రుడితో పోల్చి చూడండి.

తిండి సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఇది నా తప్పుతో నేర్చుకున్నాను. ఒక బడిలో తొందరగా ముగించాలని, జావ కాయకముందే పంపిణీ మొదలుపెట్టించాను. తెల్లని పొడుగాటి మాత్రలు, చేదు భరించలేనంత. ఖాళీ కడుపున మింగిన పిల్లలు ఒకరిని చూసి ఒకరు వాంతులు. ఓ అమ్మాయి స్పృహ తప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు, గంటకల్లా అందరూ ఆడుకుంటున్నారు. కానీ మరుసటేడు ఆ రోజున బడికి సగం మంది పిల్లలు రాలేదు. 2008లో టాంజానియాలోని మొరొగొరో ప్రాంతంలో ఇలాంటిదే చిలికి చిలికి గాలివానై, తల్లిదండ్రులు బడుల మీదకి వెళ్లి గొడవలు చేసేదాకా వెళ్లింది. పిల్లలు కాకుండా చేసే మందని పుకారు. నవ్వకండి, ఇలాంటి పుకార్లు మన పోలియో చుక్కల మీదా వచ్చాయి.

మోతాదు కొలిచే కర్ర గురించి కూడా చెప్పాలి. ఊళ్లలో తూకం యంత్రాలు మోయలేరు కాబట్టి ఎత్తుని బట్టి మాత్రలిస్తారు. రంగు గీతలున్న కర్ర పక్కన నిలబెడతారు. ఐవర్‌మెక్టిన్‌కి 90 సెంటీమీటర్లు దాటితే ఒక మాత్ర, 159 చేరితే నాలుగు. ప్రాజిక్వాంటెల్ కర్ర 94 దగ్గర మొదలవుతుంది, దాంట్లో సగం మాత్రలు కూడా ఉంటాయి, బ్లేడుతో విరుస్తుంటే పొడి రాలిపోతుంది. ఎంతో తెలివైన ఏర్పాటు. కాకపోతే కర్ర కింద గీతని అందుకోని పసిపిల్లలు చాలాకాలం లెక్కలోకే రాలేదు. వాళ్లని అమ్మలు సరస్సు నీళ్లతోనే తొట్టిలో స్నానం చేయిస్తారు, పురుగు అక్కడే పట్టేస్తుంది. చిన్నపిల్లల కోసం నీళ్లలో కరిగే మాత్రకి యూరప్ మందుల సంస్థ 2023 డిసెంబరులో సానుకూల అభిప్రాయం ఇచ్చింది. రావాల్సినదానికంటే ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చిందని నా అభిప్రాయం.

మీ చేతికి రాబోయే శాతాల గురించి ఒక మాట. జిల్లా రిపోర్టులో 104 శాతం మందికి మాత్ర ఇచ్చాం అని కనబడితే కంగారు పడకండి, అలాంటివి వస్తాయి. కింద వేసే జనాభా అంకె పాత జనగణనని పెంచుకుంటూ వచ్చిన అంచనా. చేపల సీజన్‌కి ఊరు రెట్టింపవుతుంది, సీజన్ అయ్యాక సగమవుతుంది. సర్వే చేసి అడిగిన అంకెనే నమ్మండి, రిజిస్టర్ అంకెని కాదు. అలాగని రిజిస్టర్ రాసినావిడ మీద కోపం తెచ్చుకోకండి. ఆవిడ ఊరు ఎన్నుకున్న వాలంటీరు. దోమతెరలకి, టీకాలకి, పురుగుల మాత్రలకి అన్నిటికీ ఆవిడే తిరుగుతుంది. ఒక కార్యక్రమం రోజుకింత అని చేతిలో పెడుతుంది, ఇంకోటి టీషర్టుతో సరిపెడుతుంది. మన ఆశా కార్యకర్తలు ధర్నాకి ఎందుకు కూర్చుంటారో తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మందు ఉచితమే గానీ దాన్ని ఓడరేవు నుంచి ఆవిడ ఇంటి దాకా చేర్చేది ఉచితం కాదు. ఆ డబ్బులో పెద్ద వాటా బ్రిటన్, అమెరికాలదిగా ఉండేది. బ్రిటన్ 2021లో కోసేసింది, అమెరికా 2025లో ఆపేసింది. పదేళ్లు వరసగా ఇవ్వాల్సిన మందు మధ్యలో రెండేళ్లు ఆగితే ఏమవుతుందో పైన పురుగు ఆయుష్షు లెక్క చూశారు కాబట్టి మీరే ఊహించుకోగలరు.

మాత్రలతోనే బిల్హార్జియా పోతుందా అంటే, సరస్సుల దగ్గర పోదని నా గట్టి నమ్మకం. సెనెగల్ నదికి అడ్డంగా 1986లో డియామా ఆనకట్ట కట్టాక ఉప్పునీళ్లు పైకి రావడం ఆగిపోయి, మంచినీళ్లలో నత్తలు పెరిగి, రెండేళ్లకే రిషార్ తోల్ పట్టణంలో బిల్హార్జియా విరుచుకుపడింది. నీళ్లు తెచ్చిన జబ్బుకి నీళ్ల దగ్గరే పని చెయ్యాలి: మరుగుదొడ్లు, ఇంటి దగ్గర కుళాయి, నత్తల మీద మందు. మాత్ర పిల్లల కాలేయాన్ని, మూత్రాశయాన్ని కాపాడుతుంది, అది తక్కువేం కాదు. 'మాత్రల వల్ల చదువు, జీతం పెరుగుతాయా' అని కెన్యాలోని బుసియా బడుల అధ్యయనం మీద ఆర్థికవేత్తలు చాలా ఏళ్లు కొట్టుకున్నారు. నాకు ఆ గొడవలో ఆసక్తి తక్కువ. మూత్రంలో రక్తం పడే పిల్లాడికి మందివ్వడానికి వాడి భవిష్యత్తు జీతం సాక్ష్యం చెప్పాలా?

ఇప్పుడు మీ సొంత సంగతి. సరస్సు నీళ్లలో దిగకండి. ఇది చెప్పినా మీరు ఎప్పుడో ఒకప్పుడు పడవ దిగేటప్పుడు మోకాళ్లదాకా తడుస్తారు, నేనూ తడిశాను. పురుగు పిల్ల చర్మంలోకి దూరడానికి కొద్ది నిమిషాలు చాలు, టవల్‌తో తుడుచుకుంటే పోతుందన్న ధీమా వద్దు. స్నానానికి సరస్సు నీళ్లే గతైతే కాచుకోండి, లేదా నత్తలు లేకుండా వడకట్టి డ్రమ్ములో రెండు రోజులు నిల్వ ఉంచాక వాడండి, అప్పటికి అవి చచ్చిపోతాయి. ముందు జాగ్రత్తగా ప్రాజిక్వాంటెల్ మింగి వెళ్తానంటే లాభం లేదు, అది ఎదిగిన పురుగునే చంపుతుంది, కొత్తగా దూరినదాన్ని కాదు. చివరిసారి నీళ్లు తగిలాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, డాక్టరుకి చూపించుకుని వేసుకోవాలి. ఇంటి నుంచి డీఈసీ మాత్రలు తీసుకెళ్లి అక్కడ ఎవరికీ ఇవ్వకండి. తర్వాత ఎప్పుడైనా కామెరూన్ అడవుల వైపు పంపితే, పగటి రక్తం చూపించుకోకుండా ఐవర్‌మెక్టిన్ జోలికి వెళ్లకండి.

తిరిగొచ్చిన కొన్ని వారాలకి జ్వరం, పొడి దగ్గు, దద్దుర్లు వస్తే మన దగ్గర ఏ ఆసుపత్రిలోనైనా ముందు మలేరియా, టైఫాయిడ్, డెంగీ చూస్తారు. అవన్నీ లేవని తేలాక కూడా రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు ఎక్కువున్నాయంటే, ఎలర్జీ అని మాత్ర రాసి పంపేస్తారు. బిల్హార్జియా మన దేశంలో దాదాపు లేదు, వాళ్లకి తట్టకపోవడం వాళ్ల తప్పు కాదు. 'ఆల్బర్ట్ సరస్సు నీళ్లలో దిగాను, ఫలానా నెలలో' అని మీరే ముందు చెప్పండి, చీటీ మీద రాయించండి.